స్పోర్ట్స్ కారుకి సమ్మర్ టైర్లా ఆల్ సీజనా? ఏడాది పొడుగునా ఇదే కారు నడపాలి

వెనకచక్రం

అందరికీ నమస్తే. నాది రియర్ వీల్ డ్రైవ్ కూపే, మాన్యువల్, టైర్ల సైజు ముందు 255/40, వెనక 275/40, అన్నీ 19 అంగుళాలే. కొన్నప్పుడు దాంతో వచ్చినవి సమ్మర్ టైర్లు, ఇప్పుడు అరిగిపోవచ్చాయి, నిన్న గేజ్ పెట్టి ట్రెడ్ (రోడ్డుని తాకే గాళ్ల భాగం) లోతు చూస్తే వెనక టైర్లు లోపలి అంచు దగ్గర 2.5 మిల్లీమీటర్లు, బయటి అంచు 4 దాకా ఉంది. ముందువి కొంచెం నయం కానీ ఎలాగూ నాలుగూ ఒకేసారి మార్చేద్దాం అనుకుంటున్నా.

ఇంట్లో ఉన్నది ఇదొక్క కారే, ఆఫీసుకీ దీంట్లోనే, ఆదివారం పొద్దున్నే కొండ రోడ్డుకీ దీంట్లోనే, ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ డేలు (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజులు). చలికాలం ఒక రెండున్నర మూడు నెలలు నేను బయల్దేరే టైముకి 2, 3 డిగ్రీలుంటుంది, కొన్ని రోజులు సున్నాకి కిందకి కూడా పోతుంది. మంచు పడేది సీజన్ మొత్తానికి ఒకటి రెండు సార్లు, ఆ రోజు కారు తియ్యకుండా ఉండగలను. వర్షాలు మాత్రం బాగా ఎక్కువ.

టైర్ షాపతను వర్షాలెక్కువ కదా ఆల్ సీజన్ వేసుకోండి, సమ్మర్ టైర్లు తడిలో జారతాయి అన్నాడు. ఫ్రెండేమో స్పోర్ట్స్ కారుకి ఆల్ సీజన్ వెయ్యడమంటే పరుగుపందెం వాడికి గంబూట్లు తొడిగినట్టే అంటాడు. ఇద్దరి మాటా విని విని బుర్ర వేడెక్కిపోయింది, నిజంగా రెండూ వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కొండదారి

బ్రో ముందు ఆ వర్షం సంగతి తేల్చేద్దాం ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. వాతావరణం వెచ్చగా ఉన్నంతసేపూ తడి రోడ్డు మీద మంచి సమ్మర్ టైరే ముందు ఆగుతుంది, ఆల్ సీజన్ కాదు. సమ్మర్ అన్న పేరు చూసి ఎండాకాలం టైరు అనుకుంటారు గానీ దాని అర్థం వెచ్చటి వాతావరణం టైరు అని మాత్రమే. తడిలో పట్టునిచ్చే సిలికా కలిపిన రబ్బరు మిశ్రమం, నీళ్లు బయటికి తోసేసే పెద్ద నిలువు గాళ్లు, రెండూ దాంట్లో ఉంటాయి. మీకు వానలో జారుతున్నట్టు అనిపిస్తే అది 2.5కి దిగిపోయిన ట్రెడ్ వల్ల. చట్టం 1.6 దాకా ఒప్పుకున్నా 3 కిందకి వచ్చాక నీళ్లు నిలిచిన చోట టైరు తేలిపోవడం బాగా పెరుగుతుంది, పైగా వెనక 275 వెడల్పు, వెడల్పు టైరు ఇంకా తొందరగా తేలుతుంది.

అసలు తేడా చలిలో. 7 డిగ్రీలు అని అందరూ చెప్పే లెక్క ఒకటుంది, అక్కడ స్విచ్ వేసినట్టు మారిపోదు గానీ దాదాపు అక్కణ్ణుంచి సమ్మర్ టైర్ రబ్బరు గట్టిపడటం మొదలవుతుంది. రబ్బరు రోడ్డు గరుకులోకి మెత్తగా దిగితేనే పట్టు, గట్టిపడితే పైపైన జారుతూ పోతుంది. ఇంకా లోతుగా మైనస్ 7 అలా దిగితే కారు కదిపినా ట్రెడ్‌లో పగుళ్లు రావచ్చని మిషెలిన్ లాంటి కంపెనీలే హెచ్చరిస్తాయి, అంత చలిలో ఉండిపోయిన టైర్లని కనీసం 5 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజంతా ఉంచి ఆ తర్వాతే కదపమంటారు.

అందుకే ఎన్ని రోజులు వాన పడుతుంది అని లెక్కెయ్యకండి, మీరు తప్పనిసరిగా కారు తియ్యాల్సిన రోజుల్లో అన్నిటికన్నా చల్లటి పొద్దు ఎంత ఉంటుందో చూడండి. మీ టైర్ ఏంటో ఆ నంబరే చెప్తుంది.

చలిపొద్దు

కొండదారి గారు చెప్పింది నాకు అనుభవం. రెండేళ్ల కింద, పొద్దున ఆరున్నర, డ్యాష్‌బోర్డు మీద 1 డిగ్రీ. రోడ్డు పొడిగా ఉంది, మంచూ లేదు తడీ లేదు, టైర్లు 5 మిల్లీమీటర్ల పైనే ఉన్నాయి. రౌండబౌట్ లోంచి బయటికొస్తూ సెకండ్ గేర్‌లో రోజూ తొక్కినంతే తొక్కా, 30 కూడా ఉండదు స్పీడు, వెనకభాగం ఒక్కసారిగా పక్కకి వెళ్లిపోయింది. వేసవిలో అయితే టైరు ముందే చెప్తుంది కదా, కొంచెం కొంచెంగా వదులుతూ సీటు కింద తెలుస్తుంది, ఆ రోజు అదేం లేదు, గాజు మీద జారినట్టు జారింది. స్టెబిలిటీ లైట్ టపటపా మెరిసింది, నేను స్టీరింగ్ తిప్పేలోపే వెనక రిమ్ము గట్టుకి కొట్టుకుంది. ఎవరికీ ఏం కాలేదు, ఫుట్‌పాత్ మీద ఎవరూ లేరు, అదే తల్చుకుంటా ఇప్పటికీ.

దిగి ట్రెడ్ మీద బొటనవేలి గోరు నొక్కి చూశా. వేసవిలో గోరు గుర్తు పడి మెల్లగా పోయేది, ఆ పొద్దు గోరే వంగింది. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ ఉన్నాయి కదా అనుకోకండి, ఉన్న పట్టుని సర్ది వాడతాయి అంతే, లేని పట్టుని ఎక్కణ్ణుంచి తెస్తాయి?

ఇంకోటి, చలిలో గాలి కూడా తగ్గుతుంది, ప్రతి 5, 6 డిగ్రీలకి దాదాపు 1 పీఎస్ఐ. శరదృతువులో పట్టించిన గాలితోనే చలికాలమంతా తిరగొద్దు.

నాలుగుకాలాలు

నేను మూడేళ్లుగా ఆల్ సీజన్ మీదే ఉన్నా, రియర్ వీల్ డ్రైవే, కాబట్టి ఆ గంబూట్ల మాటకి నేను జవాబు చెప్పాలి 🙂 ఒకప్పుడు ఆల్ సీజన్ అంటే నిజంగానే ఫ్యామిలీ సెడాన్ టైరు, ఇప్పుడు అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ అని వేరే జాతే ఉంది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్06 ప్లస్ ఆ కోవవి. కాంటినెంటల్ దాంట్లో నాకు బాగా నచ్చేది, ట్రెడ్ మీదే డీ, డబ్ల్యూ, ఎస్ (డ్రై, వెట్, స్నో) అని మూడు అక్షరాలుంటాయి, అరిగేకొద్దీ ముందు ఎస్ పోతుంది, అంటే ఇక మంచులో నమ్మొద్దు అని, తర్వాత డబ్ల్యూ పోతే తడిలో జాగ్రత్త అని. గేజ్ లేకపోయినా కిందకి వంగి చూస్తే తెలిసిపోతుంది.

మన్నిక కూడా చెప్తా, మిషెలిన్ సమ్మర్ టైరు పైలట్ స్పోర్ట్ 4ఎస్ ట్రెడ్‌వేర్ రేటింగ్ (ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా అరుగుతుంది) 300, అదే కంపెనీ ఆల్ సీజన్ 4ది 540. ఈ నంబర్లు కంపెనీలే ఇచ్చుకుంటాయి కాబట్టి ఒక బ్రాండ్‌ది ఇంకో బ్రాండ్‌తో పోల్చకండి, ఒకే కంపెనీలో పోలిస్తే అర్థముంది.

పోగొట్టుకునేది స్టీరింగ్ ఫీల్. ట్రెడ్ బ్లాకుల్లో సన్నటి చీలికలు బోలెడుంటాయి, మంచునీ చలినీ పట్టుకునేవి అవే, కానీ గట్టిగా కార్నర్ కొట్టినప్పుడు ఆ బ్లాకులు ఊగుతాయి, చెయ్యి తిప్పాక ముక్కు తిరగడానికి అర సెకను ఆలోచించినట్టుంటుంది. ఆఫీసు దారిలో పట్టించుకోను, కొండ మీద ప్రతిసారీ తెలుస్తుంది. ట్రాక్‌కి మాత్రం వీటితో వెళ్లకండి, నేనొకసారి వెళ్లా, నాలుగో ల్యాప్‌కే వేడెక్కి నూనె పూసినట్టయిపోయాయి, దిగి చూస్తే ముందు టైర్ల భుజాల దగ్గర బ్లాకుల అంచులు నలిగి చిన్న చిన్న ముక్కలు ఊడొచ్చాయి.

కొనేటప్పుడు పక్కగోడ మీద గుర్తులు చూడండి. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని మాత్రమే ఉంటే దానికి మంచు టెస్ట్ అక్కర్లేదు, కంపెనీ తనే వేసుకోవచ్చు. మూడు శిఖరాల కొండ లోపల మంచురేకు బొమ్మ ఉంటే మంచు మీద టెస్ట్ పాసైందని అర్థం, మీరు కొనే టైరు మీద అది ఉందో లేదో చూసుకోండి. అయినా నల్లటి ఐసు (రోడ్డు మీద కంటికి కనపడని పలచటి ఐసు పొర) మీద అసలైన వింటర్ టైరుకి ఏదీ సాటి రాదు.

వెనకచక్రం

అబ్బా ఎంత ఓపిగ్గా రాశారు అందరూ, థాంక్స్. చలిపొద్దు గారూ మీ పోస్టు చదివాక నిన్న పొద్దున ఆఫీసుకి చాలా మెల్లగా వెళ్లా, 4 డిగ్రీలుంది.

ఇంకో రెండు డౌట్లు. పొద్దున 3 ఉన్నా మధ్యాహ్నం 14, 15 అవుతుంది, కొంచెం దూరం నడిపితే టైర్లు వేడెక్కవా? రెండోది, నడిపించేవి వెనక చక్రాలే కదా, వెనక మాత్రం ఆల్ సీజన్ వేసి ముందు సమ్మర్ ఉంచితే?

రబ్బరువాసన

రెండోది అస్సలు వద్దు తమ్ముడూ. నాలుగు చక్రాలకీ ఒకే రకం ఉండాలి, ఇది బేరాలాడే విషయం కాదు. వేసవిలో ముందు బలంగా పట్టి వెనక ఊగుతుంది, అంటే గట్టిగా తిప్పితే తోక వెళ్లిపోతుంది, చలికాలంలో ముందు జారి బండి తిన్నగా పోతుంది. ఒకే కారు కాలానికో రకంగా నడిస్తే నీ చేతులు దేనికని అలవాటు పడతాయి.

వేడెక్కడం గురించి, రోడ్డు మీద మామూలు స్పీడుకి ఆ చలిలో పెద్దగా వేడెక్కవు, ఎక్కినా రెండు సిగ్నళ్ల దగ్గర ఆగేసరికి చల్లారతాయి. అసలు ప్రమాదం మొదటి రెండు మూడు కిలోమీటర్లలోనే కదా, ఇంటి వీధిలో, స్కూలు పిల్లలు నడిచే టైములో.

ఇవన్నీ పక్కన పెట్టు, ఎవరూ పట్టించుకోని మాట ఒకటి నీ మొదటి పోస్టులోనే ఉంది. లోపల 2.5, బయట 4 అన్నావు. అది టైరు తప్పు కాదు, అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల అమరిక. స్పోర్ట్స్ కార్లకి నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) ఉంటుంది నిజమే, లోపల కొంచెం ఎక్కువ అరుగుతుంది, కానీ ఇంత తేడా వచ్చిందంటే టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పి ఉండే అవకాశం ఎక్కువ, లేదంటే వెనక సస్పెన్షన్‌లో రబ్బరు బుష్‌లు పోయుండాలి. అది సరిచెయ్యకుండా సమ్మర్ వేసినా ఆల్ సీజన్ వేసినా లోపలి అంచులు మళ్లీ తినేస్తుంది. నీకు ముందు వెనక సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చి సరిపెట్టుకునే దారి కూడా లేదు.

నా సలహా అయితే రెండు సెట్లు. 19 రిమ్ముల మీద మంచి సమ్మర్, విడిగా 18 రిమ్ముల సెట్ ఒకటి తీసుకుని దాని మీద కొండ గుర్తున్న ఆల్ సీజన్, ఆ మూడు నెలలకి. మంచు రోజు కారు తియ్యనంటున్నావు కాబట్టి పూర్తి వింటర్ టైర్ నీకు అవసరం లేదు. 18 రిమ్ము బ్రేక్ కాలిపర్‌కి (బ్రేక్ ప్యాడ్లని నొక్కే భాగం) తగలకుండా పడుతుందో లేదో కొనకముందే చూసుకో. అరుగుదలని రెండు సెట్లూ పంచుకుంటాయి కాబట్టి ఖర్చు కనపడినంత ఉండదు. పక్కన పెట్టిన సెట్‌ని ఎండ తగలకుండా, మోటార్లు తిరిగే చోటుకి దూరంగా పెట్టు, మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరుని తినేస్తుంది. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడు, 2423 అంటే 2023లో 24వ వారంలో తయారైందని, ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్నవి తీసుకోకు.

కొత్తవి వేశాక మొదటి మూడు నాలుగొందల కిలోమీటర్లు నెమ్మదిగా, అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోవాలి.

వెనకచక్రం

అన్నా టో మాట చూసి సాయంత్రం ఫ్లోర్ మీద పడుకుని టార్చి వేసి చూశా. ఎడమ వెనక టైరు లోపలి అంచు చేత్తో తడిమితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా గీరుకుంటోంది, కుడిది అంత లేదు.

రెండు సెట్ల దారే పడతా, గ్యారేజీలో చోటుంది. అప్పటిదాకా పొద్దున పూట కారు తియ్యను, బస్సే. బుధవారం అలైన్‌మెంట్‌కి ఇస్తున్నా, ముందూ తర్వాతా ప్రింటౌట్ రెండూ ఇక్కడే పెడతా, వెనక టో నంబర్లు కాస్త చూసి చెప్పండి.