పోరంబోకు వాగుని రక్షిత ప్రాంతంగా (రిజర్వ్) ప్రకటింపజేయాలంటే మొదటి అర్జీ ఎక్కడ ఇవ్వాలి?

మేముండేది చెన్నై దక్షిణాన, పళ్లికరణై చిత్తడి నేలకి దగ్గర్లో. మా కాలనీ వెనక చిన్న వాగు ఉంది. కిలోమీటరుకి కాస్త ఎక్కువ పొడవు, ఆరేడు అడుగుల వెడల్పు. ఎండాకాలంలోనూ మోకాలి లోతు నీళ్లుంటాయి. పొద్దున్నే ఆరింటికి వెళ్తే తుంగలోంచి నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని బయటికొస్తుంది, మనల్ని చూడగానే ఒక్క దూకుడుతో మాయం. లకుముకి పిట్టలు, తాబేళ్లు కూడా ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి ఒక గట్టు మీద భవనాల శిథిలాలు పోస్తున్నారు.

ఇప్పటిదాకా చేసినవి: సమాచార హక్కు కింద అడిగితే రికార్డులో ‘వాగు పోరంబోకు’ అని జవాబొచ్చింది. తెలియక, వన్యప్రాణి చట్టం 36సి కింద కమ్యూనిటీ రిజర్వ్ చేయమని అర్జీ పెట్టాం. అది ప్రైవేటు, ఉమ్మడి భూములకట, తిప్పి పంపారు. ప్రభుత్వ భూమికైతే 36ఏ, కన్జర్వేషన్ రిజర్వ్. ఆ మాటతో వెళ్తే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పొమ్మంటోంది. మూడు నెలలుగా ఇదే టెన్షన్. ఫోటోలు, సర్వే నంబరు, పక్షుల జాబితా అన్నీ ఫైల్లో ఉన్నాయి, తీసుకునేవాళ్లే లేరు.

జీవవైవిధ్య చట్టం 2002లో సెక్షన్ 37 కింద వారసత్వ స్థలంగా ప్రకటించే దారి కూడా ఉందని చదివాను. పళ్లికరణైకి 2022లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యత ఉన్న చిత్తడి నేలగా) వచ్చింది కానీ మా వాగు ఆ హద్దుల్లో లేదు.

ఇలాంటి పోరంబోకు వాగు కోసం 36ఏ గానీ 37 గానీ పట్టుకుని ముందుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ మొదటి అర్జీ ఏ ఆఫీసులో తీసుకున్నారు?