ఆంప్లిఫయర్ల చెక్క ర్యాక్‌లో వెనక ఆసరా ఎలా ఇవ్వాలి?

18 మి.మీ. ప్లైవుడ్‌తో 6 యూనిట్ల ర్యాక్ పెట్టె చేస్తున్నాను. యూనిట్‌కు 44.45 మి.మీ. లెక్కన లోపలి ఎత్తు 270, ముందు పలక 482.6 కాబట్టి వెడల్పు 486 మి.మీ. పెట్టాను. ఒక్కోటి 16 కిలోల ఆంప్లిఫయర్లు రెండు, లోతు 420. బరువంతా ముందు పలక రెండు పక్కలా స్క్రూలు బిగించే చెవులకే వేలాడితే మోసేటప్పటి కుదుపులకు చెవులు వంగిపోతాయి, రైలు (ఆ చెవులు బిగించే నిలువు పట్టీ) స్క్రూలు ప్లైవుడ్‌లోంచి ఊడొస్తాయి.

చాసిస్ (ఆంప్లిఫయర్ ఒంటి పెట్టె) వెడల్పు 440. అంటే ఒక్కో పక్క 23 మి.మీ. ఖాళీ. 40 మి.మీ. ఎల్ యాంగిల్ పక్క గోడకు బిగిస్తే అడుగును 17 మి.మీ. మేరే పట్టుకుంటుంది. అది సరిపోతుందా, వెనక కూడా రైలు వేయాలా? ఆంప్లిఫయర్ల అడుగున గాలి రంధ్రాలున్నాయి, అందుకే పూర్తి పలక వేయలేను.

రైళ్లకు చెక్క స్క్రూలు చాలా, లేక ప్లైవుడ్‌లోంచి అవతలికి వెళ్లే బోల్టులు వేసి బయట వాషర్, నట్ బిగించాలా? ఇలా కట్టినవాళ్లు దయచేసి కొలతలతో చెప్పండి.