‘ఏకులు’ అన్నాడా, ‘ఏకులె’ అన్నాడా?

సత్యనారాయణపురం, బెజవాడ:
శ్రీనాథుడి పల్నాటి కందంలో రెండో పాదం కొన్నాళ్లుగా బుర్ర తినేస్తోంది. ‘రంభయైన నేకులు వడకున్’ (రంభ అయినా దూది ఏకులు వడకాల్సిందే) అని బడిలో వల్లె వేసిన గుర్తు. కానీ మా వైపు పల్నాటి యుద్ధం బుర్రకథ చెప్పినప్పుడు హాస్యపు వంత (కథకుడి పక్కన నవ్వించే వంతపాటగాడు) ‘నేకులె’ అనేవాడు. ఆ ‘లె’ మీద గుమ్మెట ఒక్క దెబ్బ వేసేవాడు, జనం సరిగ్గా అక్కడే నవ్వేవారు. ఏది అసలు పాఠం? ఇంకో సందేహం కూడా ఉంది. పల్నాటిని వెక్కిరించే పద్యం పల్నాటివాళ్ల ముందే పాడితే కొట్టకుండా ఎందుకు నవ్వారు?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:
పద్యం పూర్తిగా పెట్టకుండా ఒక్క అక్షరం గురించి తగువులాడటం నాకు నచ్చదు.

రసికుడు పోవడు పలనా
డెసగంగా రంభయైన నేకులె వడకున్
వసుధేశుడైన దున్నును
కుసుమాస్త్రుండైన జొన్నకూడే కుడుచున్

‘ఏకులు’ అన్నా ‘ఏకులె’ అన్నా భగణమే (ఒక గురువు, రెండు లఘువులు), కనుక ఛందస్సు ఏ పక్షమూ తీసుకోదు. అర్థం చూసుకోవాలి. నాలుగో పాదంలో ‘కూడే’ అని ఏవకారం (‘అది మాత్రమే’ అని నొక్కి చెప్పే ‘ఏ’) ఉంది కదా. దానికి జోడీగా రెండో పాదంలోనూ ఉండాలి. రంభ అంతటిదానికి కూడా ఏకులు తప్ప గతి లేదు అనడంలో ఉంది చమత్కారం. ‘ఏకులు వడకున్’ అంటే అది జనాభా లెక్కల్లో వృత్తి రాసుకున్నట్టు ఉంటుంది.

లెనిన్ సెంటర్ పుస్తకాల పురుగు:
జోడీ వాదన బాగుంది కానీ నిలవదు మాస్టారూ. ‘కూడే’లో ఏవకారం గణం కోసం వచ్చింది. ‘కూడు’ అంటే గగం (రెండు గురువుల గణం) పోయి పాదం కుంటుతుంది. అక్కడ కవికి వేరే దారి లేదు, రెండో పాదంలో ఆ ఇబ్బందే లేదు. మరి మూడో పాదంలో ‘దున్నును’కు ఏవకారం ఏది? రాజుగారు దున్నడం ఒక్కటేనా, మధ్యాహ్నం తీరిగ్గా మరేదైనా చేస్తారా?
అన్నట్టు, ‘రసికుడు పోవడు’ కాదు, ‘రసికుఁడు వోవఁడు’ అని ఉండాలి. ప్రథమ మీద పరుషం, అంటే ప్రథమావిభక్తి తర్వాత ‘ప’ ‘వ’ అవుతుందని సూత్రం.

బ్రాడీపేట మాస్టారు:
ఆ సూత్రంలోనే ‘బహుళంబుగా’ అని ఉంది, అంటే ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు. చిన్నయసూరి ఆ మాట వేసింది మనలాంటివాళ్లు కొట్టుకోకుండా ఉండటానికే. దున్నడానికి ఏవకారం అక్కర్లేదు, రాజు దున్నడమే చాలినంత అవమానం.

తెనాలి నుంచి:
మీ ఇద్దరూ ‘లె’ దగ్గరే ఆగిపోయారు. నా అనుమానమంతా ‘వడకున్’ మీద. అరసున్న పెడితే ‘వడఁకు’, అంటే గజగజలాడటం. నూలు వడకడానికి అరసున్న లేదు. వినే చెవికి రెండూ ఒకటే కదా. ఇంద్రసభలో నాట్యమాడినది పల్నాటికొచ్చి రాట్నం ముందు వణుకుతోందని వంత అభినయించి ఉంటాడు. నవ్వు అక్కడ పుట్టింది.

లెనిన్ సెంటర్ పుస్తకాల పురుగు:
ఏకుల్ని ఎలా వణుకుతారండీ? కర్మ ఉన్న క్రియ అది. తెనాలివారికి ప్రతి పద్యంలోనూ వికటకవి కనిపిస్తాడు.

తెనాలి నుంచి:
కనిపించకపోతే మా ఊరి పేరెందుకు? సాక్షాత్తూ రాయలవారి కొలువులో ‘కుంజరయూథంబు దోమకుత్తుక జొచ్చెన్’ అని సమస్య ఇస్తే ఏనుగుల మందను దోమ గొంతులోకి తోలి, పాండవులు విరటుని కొలువులో చేరడమే ఇదంటూ సంజయుడి ముందు మొరపెట్టించాడు మావాడు. కర్మ, క్రియ అని కూర్చుంటే ఆ పద్యం పుట్టేదా?

మాచర్ల కోడలు:
మా అత్తగారి ఊరిని తిడుతున్న పద్యం మీద ఇంత పరిశోధనా! ఆ నవ్వు సంగతి నేను చెబుతాను. మా మామగారు ఈ పద్యం చదివి, వెంటనే ‘చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు నాగులేటి నీళ్లు నాపరాళ్లు’ కూడా అందుకుంటారు. ఆయనకది తిట్టులా వినిపించదు, ఊరి జాబితాలా వినిపిస్తుంది. నాపరాళ్లు ఉన్నాయి, తేళ్లూ ఉన్నాయి, అందులో అబద్ధమేముంది? పైగా శ్రీనాథుడి కాలానికి మిరపకాయే మన దేశానికి రాలేదు. జొన్నకూట్లోకి కారం కూడా లేకుండా తిన్న మనిషి ఆ మాత్రం తిట్టడా అంటారు. ఇప్పుడు సాగర్ కుడి కాలువ కింద వరి, మిర్చి పండుతున్నాయి. వచ్చి మళ్లీ రాయమనండి.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, ఆ ఆటవెలది చివరి పాదం మీ మామగారు ‘పలనాటిసీమ’ అంటారా, ‘పల్లెనాటిసీమ’ అంటారా?

మాచర్ల కోడలు:
‘పలనాటి’ అనే అంటారు మాస్టారూ.

బ్రాడీపేట మాస్టారు:
అయితే ఆ పాదానికి కావలసిన సూర్యగణం పోయింది. ‘పల్లె నాటి సీమ’ అంటేనే మూడు హగణాలు (గురువు, లఘువు ఉన్న సూర్యగణాలు) వస్తాయి. కందంలో చూస్తే ‘పలనా’ అంటేనే నాలుగు మాత్రలు. ఒకే సీమకు గణం కోసం రెండు పేర్లు పెట్టిన ఘనుడు శ్రీనాథుడు.

మాచర్ల కోడలు:
ఆ పాదం కుంటుతోందని ఆయనతో మీరే చెప్పండి, నేను చెప్పలేను.

సత్యనారాయణపురం, బెజవాడ:
నా ‘లె’ సంగతి?

లెనిన్ సెంటర్ పుస్తకాల పురుగు:
చాటువుకు, అంటే నోటి నుంచి నోటికి వచ్చే విడి పద్యానికి, ఒకే పాఠం ఉండాలని ఎవరన్నారు? వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ‘చాటుపద్య మణిమంజరి’ కూర్చే వేళకే ఇవి ఎన్నో నోళ్లలో నానాయి. నన్నడిగితే అసలు ప్రశ్న వేరే ఉంది. ఇంత వెక్కిరించిన మనిషే ద్విపదలో ‘పల్నాటి వీరచరిత్ర’ ఎలా రాశాడు? బుర్రకథలో రాజకీయపు వంతా హాస్యపు వంతా ఒక్క గొంతులో ఉన్నట్టు లేదూ?

తెనాలి నుంచి:
బుర్రకథ అంటే నాజర్‌దే. పొన్నెకల్లులో పుట్టిన మనిషి గుంటూరు జిల్లా మాటను వేదికెక్కించాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. హాస్యపు వంత పని జోకులు వేయడమే అనుకుంటారు గానీ, యుద్ధఘట్టంలో కథకుడి ఊపు చెడకుండా తాళంలోనే మాట విసరాలి. అర మాత్ర ఆలస్యమైతే నవ్వు రాదు. ఆ లెక్కన ‘లె’కి ఓటు నాది. ‘లు’ మీద దెబ్బ వేస్తే పెదవులు ముడుచుకుపోతాయి, ‘లె’ మీదైతే నోరు తెరుచుకుంటుంది.

బ్రాడీపేట మాస్టారు:
వ్యాకరణం నుంచి పెదవులకు దిగామన్నమాట. సరే, పెదవుల సాక్ష్యమైనా నా పక్షానే ఉంది.

లెనిన్ సెంటర్ పుస్తకాల పురుగు:
అయితే శ్రీనాథుడు శివుణ్ణి నీళ్లడిగిన పద్యంలో ‘గంగ విడుము’ అంటారా, ‘గంగ విడువు’ అంటారా? రెండూ నలమే (నాలుగు లఘువులు), పెదవులూ రెండింటికీ ముడుచుకుంటాయి. ఇప్పుడు చెప్పండి మాస్టారూ.