రెండున్నరేళ్ల బాబుకి మాటలు తక్కువ. ఇంట్లో వినబడే చప్పుళ్లతో నేర్పొచ్చా?

బుజ్జిగాడి అమ్మ (కూకట్‌పల్లి):
మా బాబుకి పోయిన నెలతో రెండున్నర నిండింది. అమ్మ, తాత, పాలు, బండి, వద్దు... ఇలా విడివిడి మాటలే. రెండు కలిపి చెప్పడు. కావాల్సింది వేలు పెట్టి చూపిస్తాడు, లేదంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. ఫోన్ ఇవ్వడం మానేశాం. పక్క ఫ్లాట్ ఆంటీ "ఏ చప్పుడు వినబడితే దాని గురించి మాట్లాడు, మాటలు అవే వస్తాయి" అన్నారు. ఊళ్లో అయితే ఆవులు, కోళ్లు ఉంటాయి. నాలుగో అంతస్తులో నాకు వినబడేది మిక్సీ, లిఫ్టు, కింద హారన్లు. వీటితో ఏం నేర్పను? మా అత్తయ్యగారేమో "మగపిల్లలకి మాటలు లేటే, కంగారుపడకు" అంటున్నారు.

అంగన్‌వాడీ టీచర్ (తెనాలి దగ్గర పల్లె):
అమ్మా, ఆవూ కోడీ లేవని దిగులు పడకండి. మా సెంటర్‌కి వచ్చే పిల్లల్లో "ఆవు ఏమంటుంది?" అనగానే "అంబా" అనేవాళ్లు బోలెడుమంది. అదే పిల్లలు దాహమేస్తే మాట రాక నా కొంగు పట్టుకు లాగుతారు. అందుకే నేను ఏది ఎలా అరుస్తుందో అడగడం తగ్గించి, చప్పుడు వచ్చేచోట ఏం జరుగుతోందో చెప్తాను. నీళ్లు పడుతున్నాయి, తలుపు కొట్టారు, గ్లాసు పడింది. మీవాడికి ఇప్పుడు కావాల్సినవి ఇలాంటి జంట మాటలే.

స్నానాల గదిలో బకెట్ చాలు. ఖాళీ బకెట్ కొళాయి కింద పెట్టి తిప్పితే అడుగున దబదబా మోగుతుంది. కాస్త నిండేసరికి ఆ మోత తగ్గి జలజల మంటుంది. అంచు దాకా వచ్చాక కిందకి పొర్లి నేలమీద టపటపా పడుతుంది. ఈ కాసేపట్లో ఖాళీ, నిండుతోంది, నిండింది, పొర్లిపోయింది, ఆపు అన్నీ వచ్చేశాయి కదా. రోజూ అదే వేళకి, అవే మాటలు అనండి. కొత్తదనం మనకి కావాలి గానీ పిల్లలకి అక్కర్లేదు. తర్వాత ఓ రోజు పొర్లుతున్నా మీరు నోరు మెదపకుండా వాడి మొహం చూడండి. "ఆపు" అని అరుస్తాడేమో!

తాలింపు కూడా అంతే, వాణ్ని స్టవ్‌కి దూరంగా ఎత్తు పీట మీద కూర్చోబెట్టి. "ఆవాలు చిటపట పేలుతున్నాయి. కరివేపాకు వేస్తున్నా... చుయ్!" నాలుగు రోజులయ్యాక రెబ్బ చేత్తో పట్టుకుని, వెయ్యకుండా ఆగండి. "చుయ్" అన్నాడంటే అదీ మాటే, లెక్కలో వేసుకోండి. చాలామంది తల్లులు ఈ ఆగడమే చెయ్యరు. ప్రశ్న వాళ్లే వేసి, జవాబూ వాళ్లే చెప్పేస్తారు. మనసులో ఐదు లెక్కపెట్టే దాకా ఓపిక పట్టాలి. అలాగని పొద్దస్తమానం "ఇదేంటి, అదేంటి" అని కూడా అడక్కండి, వాడేం ఇంటర్వ్యూకి రాలేదు.

మిక్సీకి భయపడే పిల్లలుంటారు. వేసే ముందు చెప్పండి. స్విచ్ మీద మీ చెయ్యి, దాని మీద వాడి చెయ్యి. "వేద్దామా? వేశాం. ఆపుదామా? ఆగిపోయింది."

టీవీ సీరియల్ నడుస్తుంటే ఇవేవీ పనిచెయ్యవు. చూసినా చూడకపోయినా, ముందు దాన్ని కట్టెయ్యండి.

ఆడియాలజిస్ట్ (విజయవాడ):
టీచర్‌గారు చెప్పినవన్నీ ఈరోజే మొదలుపెట్టండి. కానీ వినికిడి పరీక్ష వాయిదా వెయ్యకండి. రెండేళ్లు నిండేసరికి రెండు మాటలు కలపాలి. కలపకపోతే ఆడపిల్లా మగపిల్లాడా అని చూడకుండా పరీక్ష చేయించాలి. "మిక్సీ వేస్తే ఉలిక్కిపడతాడండీ, చెవులు బాగానే ఉన్నాయి" అని తల్లిదండ్రులు ధీమాగా చెప్తుంటారు. మిక్సీ, హారన్ పెద్ద మోతలు. స, ష, ఫ లాంటి అక్షరాల చప్పుడు చాలా సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. పెద్ద మోత వినబడి ఇవి వినబడని పిల్లలు ఉంటారు. తరచూ జలుబు చేస్తే కర్ణభేరి వెనక నీరు చేరి కూడా వినికిడి మందగించొచ్చు. అది చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది, తగ్గకపోతే చిన్న చికిత్సతో నయమవుతుంది.

చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. చప్పుడుకి మెదడు ఎలా స్పందిస్తుందో చూసే బెరా పరీక్ష పిల్లాడు నిద్రపోతుండగా చేస్తారు. నొప్పి ఉండదు. డబ్బు ఇబ్బందైతే, 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని ఉచితంగా చూస్తారు. ఆ బృందాలు అంగన్‌వాడీలకి వస్తాయి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు.

తాతయ్య (రాజమండ్రి):
అమ్మాయ్, లిఫ్టుని చిన్నచూపు చూడకు. మా మనవరాలితో సాయంత్రాలు నా ఆట అదే. లిఫ్టు తలుపు చప్పుడవుతుంది, చెప్పుల చప్పుడు దగ్గరికొస్తుంది. "ఎవరొచ్చారే?" అంటాను. "నాన్న వచ్చాడు" అంటుంది. ఒక్కోసారి ఎదురింటాయన వస్తాడు, "నాన్న కాదు" అని మూతి ముడుస్తుంది. నీకు కావాల్సిన రెండు మాటలు ఎటొచ్చినా దొరికాయి!

బుజ్జిగాడి అమ్మ:
అందరికీ థాంక్స్ అండి. పరీక్షకి శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఇంకో డౌట్: పగలు వాణ్ని చూసుకునే ఆయా హిందీలో మాట్లాడుతుంది. రెండు భాషలవల్ల మాటలు ఆగిపోతాయంటున్నారు, నిజమేనా? ఆవిడకి తెలుగులో మాట్లాడమని చెప్పాలా?

ఆడియాలజిస్ట్ (విజయవాడ):
వద్దండి. రెండు భాషలు విన్నంత మాత్రాన మాటలు ఆగవు. ఆవిడకి వచ్చిన హిందీలో ధారాళంగా మాట్లాడనివ్వండి, వచ్చీరాని తెలుగు కన్నా అదే మేలు. లెక్కపెట్టేటప్పుడు తెలుగు మాటలూ హిందీ మాటలూ కలిపి లెక్కపెట్టండి. శనివారం వెళ్లేటప్పుడు ఆ జాబితా రాసుకెళ్తే వాళ్లకి పనికొస్తుంది. "చుయ్" కూడా రాయండి.