పిలిచి పెట్టిన భోజనం మీద సమీక్ష రాయొచ్చా?

ప్రశ్న: మూడో కుర్చీ

ఆరేళ్లుగా ఫ్రీలాన్స్‌గా రాస్తున్నాను. ఇల్లు గడిచేది హోటళ్లకు మెనూలు రాసిపెట్టడం వల్ల, పత్రికలకు తిండి మీద వ్యాసాలు ఇవ్వడం వల్ల. ఇవి కాక, నా పేరు మీద నేనే రాసుకునే రెస్టారెంట్ సమీక్షలు ఉన్నాయి. వాటికి పైసా రాదు. కానీ నేను రచయితనని నాకు అనిపించేది ఆ రాతల వల్లే. మెనూ పనులు కూడా చాలావరకు వాటిని చదివి వచ్చినవే.

మొదటి మూడేళ్లు నా డబ్బుతోనే తిన్నాను. నెలకు రెండు సమీక్షలు రాసేదాన్ని. తర్వాత పిలుపులు మొదలయ్యాయి. "ఒకసారి వచ్చి రుచి చూడండి, బిల్లు మాట వదిలేయండి" అనేవారు. పని తక్కువగా ఉన్న నెలల్లో వెళ్లాను. నచ్చితేనే రాశాను, నచ్చకపోతే ఊరుకున్నాను. అంతకంటే నిజాయితీ ఏముంటుందిలే అనుకున్నాను.

పోయిన నెల ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. నేను మెచ్చుకున్న చోటికి అమ్మానాన్నల పెళ్లిరోజున తీసుకెళ్లిందట. శనివారం రాత్రి. కూర్చున్నాక గంటంబావుకు గానీ మొదటి ప్లేటు రాలేదు. వాళ్ల నాన్నగారికి షుగరు, మందు వేసుకునే వేళ దాటిపోయింది. "మీరు పది నిమిషాల్లో వచ్చిందని రాశారు కదండీ" అని ఒక్క వాక్యంతో ముగించింది. కోపంగా రాయలేదు. కోపంగా రాసినా ఇంత బాధ ఉండేది కాదు.

నాకు నిజంగానే పది నిమిషాల్లో వచ్చింది. మంగళవారం మధ్యాహ్నం, యజమాని పక్కనే నిలబడి ఉండగా. నేను అబద్ధం రాయలేదు. అయినా ఆవిడ మోసపోయింది.

ఆ రాత్రి పాతవన్నీ తీసి చూశాను. మూడేళ్లలో పిలుపు మీద తిని రాసినవి పద్నాలుగు తేలాయి. వాటిలో ఏడింట్లో మాత్రమే "వారి ఆహ్వానం మీద" అని ఉంది, అదీ చిట్టచివర. రెండు చోట్ల తర్వాత నేనే మెనూ రాసిచ్చాను కూడా.

ఇప్పుడు నా సందేహాలు. పిలుపులు పూర్తిగా మానేయాలా? నా డబ్బుతో ఒకే చోటికి రెండు మూడుసార్లు వెళ్లే స్తోమత లేని నెలల్లో ఏం చేయాలి? ఆ పద్నాలుగింటినీ ఏం చేయమంటారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. కటువుగా చెప్పినా పర్వాలేదు.

జవాబు: పాత డెస్క్

అమ్మా, ఇరవై రెండేళ్లు పత్రికలో ఫీచర్స్ డెస్క్ మీద పనిచేశాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

మీకు వచ్చిన ఇబ్బంది ఈ వృత్తితో పాటే పుట్టింది. పారిస్‌లో గ్రిమో ద లా రేనియేర్ 1803లో తిండి మీద ఒక వార్షిక సంచిక మొదలుపెట్టారు. రుచి చూసి తీర్పు చెప్పడానికి ఒక బృందాన్ని కూర్చోబెట్టారు. వంటవాళ్లు, వ్యాపారులు తమ సరుకు వాళ్లకు పంపేవారు, వాళ్లు తిని అభిప్రాయం అచ్చు వేసేవారు. పంపినవాళ్ల సరుకు గురించే కదా రాస్తున్నారు, ఈ మాటకు విలువెంత అన్న అనుమానం అప్పుడే వచ్చింది. 1812తో ఆ సంచిక ఆగిపోయింది. ఆ అనుమానం మాత్రం అలాగే ఉంది.

దానికి గట్టి జవాబు దొరకడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. క్రెయిగ్ క్లెయిబోర్న్ 1957లో న్యూయార్క్ టైమ్స్ ఆహార విభాగం సంపాదకులయ్యారు. బిల్లు పత్రికే కట్టాలి, ఎవరన్నది చెప్పకుండా వెళ్లాలి, ఒక్కసారి తిని రాయకూడదు అన్న పద్ధతి ఆయన హయాంలోనే స్థిరపడింది. అమెరికాలోని ఆహార పాత్రికేయుల సంఘం తర్వాత దీన్నే మార్గదర్శకాలుగా రాసుకుంది. కొత్త చోటైతే తెరిచాక కనీసం నెల ఆగాలి. రెండుసార్లయినా వెళ్లాలి, మూడైతే మేలు. బిల్లు పూర్తిగా చెల్లించాలి. అవన్నీ జీతమిచ్చే పత్రిక వెనక ఉన్నవాళ్లకు పెట్టుకున్న నియమాలు. మీ వెనక పత్రిక లేదు, అందువల్ల సంఖ్య తగ్గించుకోండి, నియమం తగ్గించుకోకండి. నెలకు రెండు రాస్తున్నారా? రెండు నెలలకు ఒకటి రాయండి. నాలుగుసార్లు తినే డబ్బుతో నాలుగు చోట్లకు వెళ్లే బదులు రెండు చోట్లకు రెండేసిసార్లు వెళ్లండి. పాఠకులు సమీక్షల లెక్క పెట్టుకోరు.

ఒకటి రద్దీ వేళ, ఒకటి ఖాళీ వేళ వెళ్లండి. మొదటిసారి ఒంటరిగా వెళ్లి, రెండోసారి ఇద్దరు ముగ్గురితో వెళ్లి ఎవరి వంతు వాళ్లు ఇచ్చుకోండి, అందరి ప్లేట్లలోంచీ ఒక్కో ముద్ద మీరు రుచి చూడొచ్చు. మొదటిసారి బాగున్నదాన్ని రెండోసారి మళ్లీ తెప్పించండి. ఇది చాలామంది చేయరు, కొత్తది తినాలనిపిస్తుంది కాబట్టి. కానీ వంటగది నిలకడ తెలిసేది అక్కడే.

న్యూయార్క్ టైమ్స్ రెస్టారెంట్ విమర్శకురాలిగా రూత్ రైషల్ 1993లో రాసిన ఒక సమీక్ష మీకు పనికొస్తుంది. న్యూయార్క్‌లోని ల సిర్క్ అనే పేరున్న రెస్టారెంట్‌కి వేషం మార్చుకుని మామూలు మనిషిలా వెళ్లారు, తర్వాత విమర్శకురాలని వాళ్లు గుర్తుపట్టేలా కూడా వెళ్లారు. రెండు అనుభవాలనూ ఒకే సమీక్షలో పక్కపక్కన పెట్టారు. అంతకుముందు పత్రిక నాలుగు నక్షత్రాలిచ్చిన చోటు మూడుకి దిగింది. వంట బాగుందా లేదా అన్నంత ముఖ్యమైన ప్రశ్నే ఎవరికి బాగుంది అన్నది కూడా. మీ పాఠకురాలు మిమ్మల్ని అడిగింది సరిగ్గా అదే.

జవాబు: వెనక వాకిలి

నేను రాసేవాణ్ణి కాదు, వండేవాణ్ణి. పదిహేడేళ్లుగా రెస్టారెంట్ వంటగదుల్లో ఉన్నాను. సమీక్ష రాసేవాళ్లు వస్తున్నారంటే లోపల ఏం జరుగుతుందో చెబుతాను, మీకు పనికొస్తుందేమో.

ముందు రోజే చెబుతారు. ఆ టేబులు ఆర్డరు చీటీ మీద గుర్తు పెడతారు. చీటీ రాగానే వరసలో ముందుకు జరుగుతుంది, దాని వెనక ఆరు టేబుళ్లు ఆగుతాయి. మామూలుగా రెండో వంటవాడు చేసే పని ఆ పూట పెద్ద షెఫ్ చేస్తాడు. చేప ముక్క నడిమి భాగం నుంచి కోస్తాం. ప్లేటు అంచు తుడిచి, నచ్చకపోతే పడేసి మళ్లీ పెడతాం. ఆ పూట మేం మోసం చేస్తున్నామని అనుకోం. మంచి పేరు కోసం కష్టపడుతున్నామనే అనుకుంటాం. ఆ ప్లేటు అబద్ధం కాదు, మేం చేయగలిగినదాంట్లో అన్నిటికంటే మంచిది. రోజూ మూడొందల ప్లేట్లు అలా పంపలేం, అంతే.

అయితే మీరెవరో తెలిసినా మేం మార్చలేనివి ఉన్నాయి. తెల్లారి నాలుగింటికి పొయ్యి మీద పెట్టిన ఎముకల రసం మీరొచ్చాక మారదు. నిన్న పట్టిన పిండి మారదు. సరుకు ఎక్కడి నుంచి తెస్తున్నాం, మెనూ ఎంత పొడుగుంది, కొత్తగా చేరిన సర్వరుకి ఎంత నేర్పాం, ఇవేవీ ఒక్క పూటలో మారవు. చేయి కడుక్కునే చోటు అప్పటికప్పుడు శుభ్రం చేయొచ్చు గానీ ఊడిన కుళాయి బిగించలేం. అన్నిటికంటే ముఖ్యంగా, మీ టేబులు ఒక్కటే మా చేతిలో ఉంటుంది. పక్క టేబుళ్లు ఉండవు. వాళ్లు ఎంతసేపటిగా కూర్చున్నారు, ఎవరి ప్లేట్లలో సగం మిగిలిపోతోంది, పిల్లలున్న కుటుంబానికి నీళ్లు ఎప్పుడు వచ్చాయి, అవి చూడండి. గడియారం మీ టేబులుకి కాదు, పక్క టేబులుకి పెట్టండి.

రాసేవాళ్లందరికీ నా మనవి ఇంకొకటి ఉంది. సర్వర్ల పేర్లు రాయకండి, వాళ్ల రూపం వర్ణించకండి. ఒకసారి మా దగ్గర ఒక అబ్బాయి గురించి "ముభావంగా ఉన్నాడు" అని ఎవరో గుర్తుపట్టేలా రాశారు. వాడి తల్లి ఆసుపత్రిలో ఉన్న వారం అది. సెలవు అడిగితే ఇవ్వలేదు. సమీక్ష వచ్చిన మూడో రోజున ఉద్యోగం పోయింది. తప్పు మనుషుల్ని తక్కువగా పెట్టి నడిపిన యాజమాన్యానిది. రాయాలంటే అది రాయండి.

జవాబు: రెండు కాతాలు

నేనూ మీలాగే రెండు పడవల మీద ఉన్నదాన్ని, పదకొండేళ్లుగా. పై ఇద్దరూ భోజనం సంగతి చెప్పారు కాబట్టి నేను మెనూ పని సంగతికి వస్తాను. నాకైతే పిలుపుల కంటే అదే పెద్ద చిక్కుగా కనబడుతోంది.

ఉచిత భోజనం ఒక పూటతో అయిపోతుంది. క్లయింటు అలా కాదు, వచ్చే నెల ఇన్‌వాయిసు కూడా అక్కడి నుంచే రావాలి. మీకు తెలియకుండానే కలం మెత్తబడుతుంది. నాకు మెత్తబడింది. ఒక క్లయింటుకి పోటీగా ఉన్న చోటు గురించి రాస్తూ, బాగున్న వంటకు కూడా "పర్వాలేదు" అని రాశాను. ఏడాది తర్వాత చదువుకుంటే గానీ అర్థం కాలేదు, నేను రుచి గురించి రాయలేదని.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎడమ పేజీలో నాకు డబ్బిచ్చినవాళ్లు, కుడి పేజీలో నేను సమీక్షించినవాళ్లు. ఒకే పేరు రెండు వైపులా రాకూడదు. పని ఒప్పుకున్న చోటు గురించి ఎప్పటికీ సమీక్ష రాయను. సమీక్షించిన చోటి నుంచి పని వస్తే రెండేళ్లు ఆగమంటాను, ఆగలేకపోతే వదులుకుంటాను. ఇప్పటికి మూడు పనులు అలా పోయాయి, అందులో ఒకటి మంచి పని. బాధపడ్డాను గానీ రాతల్లో తడబాటు పోయింది.

వెల్లడి విషయానికొస్తే, "ఆహ్వానం మీద" అన్న మాట చివర పెట్టడం చాలదండీ. అమెరికాలో వ్యాపార మోసాల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో తన మార్గదర్శకాలను సవరించి, సొంతంగా రాసేవాళ్లు కూడా తమకు అందిన డబ్బు, ఉచిత వస్తువులు బయటపెట్టాలని స్పష్టం చేసింది. తర్వాత చాలా దేశాల్లో అలాంటి నిబంధనలు వచ్చాయి, మీరున్న చోట ఏముందో తప్పకుండా చూసుకోండి. నిబంధన అడిగినా అడగకపోయినా ఆ మాట మొదటి పేరాలోనే ఉండాలి, మామూలు మాటల్లో: "ఈ భోజనానికి నేను డబ్బు కట్టలేదు. నేను వస్తున్నట్టు వాళ్లకు ముందే తెలుసు." రెండో వాక్యం కూడా కావాలి. మీ పాఠకురాలిని దెబ్బతీసింది బిల్లు కంటే కూడా అదే కదా.

పిలుపులు పూర్తిగా మానక్కర్లేదని నా ఉద్దేశం. వంటవాళ్లతో మాట్లాడటానికి, వంటగది చూడటానికి వెళ్లండి, దాన్ని పరిచయంగా రాయండి. తీర్పు చెప్పకండి. "తప్పక వెళ్లండి" అన్నారంటే అది సమీక్ష అయిపోతుంది.

డబ్బు గురించి ఒక్క మాట. సమీక్ష కోసం చేసిన ఖర్చు ఒక్క సమీక్షతో తీరిపోనక్కర్లేదు. మూడుసార్లు వెళ్లినప్పుడు తీసుకున్న నోట్స్‌లోంచి నేను పత్రికకు వేరే వ్యాసం ఒకటి అల్లుతాను. రొట్టె కాల్చే పద్ధతి మీదో, మెనూల పొడవు మీదో. అందుకే పత్రికతో ఒప్పందం చేసుకునేటప్పుడు మొదటి ప్రచురణ హక్కు మాత్రమే ఇస్తాను, మొత్తం హక్కులు రాసివ్వను. మీ ఒప్పందాలు ఒకసారి తీసి చదవండి. బిల్లులన్నీ తారీఖు వేసి దాచండి, పన్నుల వేళ అకౌంటెంటుకీ కావాలి, రేపు ఎవరైనా "నువ్వు అక్కడ తినలేదు" అంటే చూపించడానికీ కావాలి.

జవాబు: మూడో కుర్చీ (అడిగినవారు)

ముగ్గురికీ దండాలు. పది రోజులు ఆగి రాస్తున్నాను, ఏదో ఒకటి చేశాక చెబుదామని.

పద్నాలుగింటినీ ముందేసుకుని కూర్చున్నాను. నేను మెనూ రాసిచ్చిన రెండు చోట్ల సమీక్షలు తీసేసి, ఆ స్థానంలో ఎందుకు తీశానో నాలుగు వాక్యాలు పెట్టాను. మిగిలిన పన్నెండింటికీ మొదట్లోనే ఆ రెండు వాక్యాలు చేర్చాను. చేర్చాక చదివితే నాలుగు అసలు నిలబడటం లేదు, ఆ వాక్యాలు చదివాక మిగతాది ప్రకటనలా ఉంది. వాటిని ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. తీసేస్తే తప్పు దాచినట్టు, ఉంచితే ఇంకెవరో నమ్మి వెళతారు. పాత డెస్క్ గారూ, మీరైతే ఏం చేస్తారు?

ఆ పాఠకురాలికి ఉత్తరం రాశాను. నేను ఏ రోజు, ఏ వేళ, ఎలా వెళ్లానో పూర్తిగా చెప్పాను. క్షమించమన్నాను. నాన్నగారు బాగున్నారని రాసింది.

పోయిన శనివారం రాత్రి అక్కడికే వెళ్లాను. వేరేవాళ్ల పేరు మీద టేబులు, ముగ్గురం, మా డబ్బు. వెనక వాకిలి గారు చెప్పినట్టు గడియారం పక్క టేబులుకి పెట్టాను. వాళ్లకు నీళ్లు రావడానికే పద్దెనిమిది నిమిషాలు, మొదటి ప్లేటుకి యాభై రెండు. అంత పెద్ద హాలుకి ముగ్గురే సర్వర్లు. చేప మాత్రం నేను ముందు రాసినంత బాగానే ఉంది, ఆ మాట వెనక్కి తీసుకోనక్కర్లేకపోయినందుకు సంతోషంగా ఉంది.

జవాబు: పాత డెస్క్

ఆ నాలుగూ ఉంచండి, పైన "ఈ సమీక్షను నేను ఇప్పుడు సమర్థించను, మళ్లీ తిని రాసేదాకా దీన్ని నమ్మి వెళ్లకండి" అని పెట్టండి. పత్రికలో మేం సవరణ వేసేవాళ్లం, పాత సంచికను కాల్చేవాళ్లం కాదు. తర్వాత ఒక్కొక్కటిగా మీ డబ్బుతో తిని రండి. ఏడాది పట్టినా పర్వాలేదు.

జవాబు: మూడో కుర్చీ (అడిగినవారు)

అలాగే చేస్తానండీ. ముందు శనివారం చూసినదాన్ని పూర్తి చేయాలి. మళ్లీ బుధవారం మధ్యాహ్నం వెళుతున్నాను, ఖాళీ వేళ ఎలా ఉంటుందో చూసి, అప్పుడు రెండూ కలిపి రాస్తాను.