మల్కాపురం శాసన స్తంభం: ఉన్నచోటే ఉంచాలా, మ్యూజియంలో పెట్టాలా?

లిపికారుడు:
తుళ్లూరు మండలం మల్కాపురంలోని 1261 నాటి శాసన స్తంభాన్ని మ్యూజియానికి చేర్చాలన్నది నా వాదన. తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కాకతి గణపతిదేవుడు తన దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యులకి మందడం ఇస్తానన్నాడు. రుద్రమదేవి వెలగపూడిని కూడా కలిపి ధారపోసింది. ఆచార్యులు గోళకీ (ఒక శైవ మఠ సంప్రదాయం) పేరుతో అగ్రహారం ఏర్పాటుచేసి గుడి, మఠం, పాఠశాల, సత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల పెట్టించారు. మూడు వేదాలకి ముగ్గురు, తర్కం, సాహిత్యం, ఆగమాలకి ఐదుగురు ఉపాధ్యాయులు, ఒక వైద్యుడు, ఒక కరణం. ఇంత చెప్పే రాయిని అమరావతి రాజధాని పనుల టిప్పర్లు తిరిగే చోట ఆరుబయట వదిలెయ్యడం నాకు నచ్చదు.

కరకట్ట:
వదిలెయ్యమని ఎవరన్నారండీ? గుండ్రాళ్లు పాతి, కంచె వేసి, పైన రేకు కాకుండా మండపం కట్టమంటున్నాం. దానమిచ్చిన ఊళ్లు ఆ స్తంభం చుట్టూతానే ఉన్నాయి. మ్యూజియంలో దాని పక్కన ఇంకో నలభై రాళ్లుంటాయి, కింద మూడు వాక్యాల చీటీ ఉంటుంది.

పుట్టెడు వడ్లు:
ఎనిమిది మంది పంతుళ్లకే విశ్వవిద్యాలయం అని బోర్డులు రాస్తున్నారు. మా జడ్పీ హైస్కూల్లో అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు.

చాత్తిరం:
పోల్చాలంటే హైస్కూలుతో కాదు, తమిళనాడు విళుప్పురం జిల్లా ఎన్నాయిరం శాసనంలోని పాఠశాలతో పోల్చండి. రాజేంద్ర చోళుడి కాలం. అక్కడ 340 మంది విద్యార్థులు, 14 మంది ఉపాధ్యాయులు. చిన్నవాళ్లు 270: ఋగ్వేదానికి 75, యజుర్వేదానికి 75, మిగతావాళ్లు సామంలో రెండు శాఖలకీ, వాజసనేయానికీ (శుక్ల యజుర్వేదం), అథర్వానికీ, సూత్రాలకీ, వ్యాకరణ ప్రవేశానికీ. పెద్దవాళ్లు 70: వ్యాకరణం 25, ప్రభాకర మీమాంస (వేదవాక్యాల అర్థాన్ని విచారించే శాస్త్రంలో ఒక శాఖ) 35, వేదాంతం 10. చిన్నవాడికి రోజుకి ఆరు నాళ్ల (నాళి అంటే పాతకాలపు కొలత) వడ్లు, పెద్దవాడికి పది. పుదుచ్చేరి దగ్గర త్రిభువనిలో 260 మందికి 12 మంది. ఆ రాళ్ల మీద లెక్క విద్యార్థులది. మల్కాపురంలో లెక్క ఆదాయానిది: మూడు భాగాలు చేసి ఒకటి దేవుడికి, ఒకటి విద్యార్థులకీ మఠానికీ, ఒకటి ప్రసూతి, ఆరోగ్యశాలలకీ సత్రానికీ. విశ్వవిద్యాలయం అనే మాట పక్కన పెట్టినా, చదువుకీ వైద్యానికీ ఒకే పద్దు నడిపిన ఊరని గట్టిగా చెప్పొచ్చు.

పుట్టెడు వడ్లు:
అయినా ఎనిమిదే కదా.

లిపికారుడు:
ఎనిమిదా ఎనభయ్యా అన్నది కాదు ఇక్కడి సంగతి. రాయి పాడయ్యే తీరు చూడండి. ఊళ్లో నిలబెట్టిన శాసనాల మీద సున్నం, పసుపు, నూనె, ఎనామెల్ పెయింటు పొరలు పొరలుగా పడతాయి. అక్షరం గాడి పూడిపోతుంది. తర్వాత ఎవరో ఇనప బ్రష్షుతో రుద్దితే గాడి అంచు గుండ్రమై ‘ప’కీ ‘వ’కీ తేడా పోతుంది. ఆసిడ్ పోస్తే ఇంకా ఘోరం. చుట్టూ సిమెంటు దిమ్మె కడితే నేల తడి బయటికి పోలేక, ఉప్పు తీసుకుని రాతిలోకి ఎక్కుతుంది, స్తంభం అడుగున పెచ్చులూడతాయి. మ్యూజియంలో ఈ బాధల్లో సగం ఉండవు. నాగార్జునకొండ కట్టడాలు తీసుకెళ్లి అనుపులో మళ్లీ కట్టలేదా? కూడవెల్లి సంగమేశ్వరం గుడి అలంపురం చేరలేదా?

కరకట్ట:
అక్కడ నీళ్లు ముంచుకొచ్చాయి. సాగర్, శ్రీశైలం కట్టకపోతే ఎవరూ కదిపేవాళ్లు కాదు. ఇక్కడ వచ్చేది ఆఫీసులు, రోడ్లు. వాటికి వంపు తిప్పొచ్చు. మీరు చెప్పిన సున్నానికి కూడా మందు అక్కడే ఉంది: నీళ్లలో నానబెట్టిన కాగితపు ముద్ద పొర మీద అంటించి, ప్లాస్టిక్ కప్పి, మెత్తబడ్డాక వెదురు పుల్లతో తియ్యాలి. ఎనామెల్‌కి ఇది పనిచెయ్యదు, దానికి రసాయన నిపుణుడు కావాలి. దిమ్మె సిమెంటుతో వద్దు, సున్నపు గారతో కట్టండి.

గోళకీ పౌర్ణమి:
శాసనానికి కాగితం మీద అచ్చు ఎవరైనా కొత్తగా తీశారా అసలు?

లిపికారుడు:
ముందు అదే చెయ్యాలి. నీళ్లతో, కొబ్బరిపీచుతో కడిగి, తడి కాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి అక్షరాల్లోకి దించాలి. కాస్త ఆరాక గుడ్డ పొట్లంతో మసి సిరా అద్దాలి. కాగితం మరీ తడిగా ఉండగా అద్దితే సిరా గాడిలోకి కారి అక్షరం మాయం. గాలి వీచే మధ్యాహ్నం తీస్తే అంచులు లేచి చిరుగుతాయి. రాత్రిపూట టార్చి ఏటవాలుగా పట్టి ఫొటోలు, ఒక్కోటీ ముందుదాన్ని డెబ్బై శాతం కప్పేలా. ఇది ఊరివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే తరలింపు అంటున్నా.

కరకట్ట:
ఊరివాళ్లతో కాదా? రాజధాని కోసం చేసిన పూలింగులో (భూసమీకరణలో) పొలాలు ఇచ్చింది ఊరివాళ్లే. జరీబు (ఏటి పక్క సారవంతమైన నేల) ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం అన్నారు. గట్లూ డొంకలూ లేఅవుట్‌లో పోయాయి. ఏ పొలం ఎవరిదో చూపించే గుర్తుల్లో మిగిలింది ఈ రాయి. అది కూడా లారీ ఎక్కించి, మీకు చదవడం రాదు పొండి అంటారా?

లిపికారుడు:
అయితే మీ కోపం పూలింగు మీద. దాన్ని రాయి మీద తీర్చుకుంటున్నారు.

కరకట్ట:
రాయి మీదే. అది సాహిత్య గ్రంథం కాదు, భూమి పత్రం. ఏ నేల గురించి రాశారో ఆ నేల మీదే ఉండాలి. మీకు అక్షరం మిగిలితే చాలు, మాకు హద్దు కావాలి.

పెద్దపాలెం:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అన్నం పెట్టమంది శాసనం. వేదపాఠానికి మాత్రం అందరినీ పిలవలేదు. అగ్రహారంలో భూమి దక్కింది 60 ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలకి. హద్దు కావాలంటే అప్పుడు దున్నినవాళ్ల హద్దు కూడా అడగండి.

కరకట్ట:
దున్నినవాళ్ల మనవళ్లం కూడా ఇక్కడే ఉన్నామండీ. అందుకే కదపొద్దంటున్నా.

లిపికారుడు:
సరే, లెక్క చూద్దాం. స్తంభం 0.6 మీటర్ల చదరం, 4 మీటర్ల ఎత్తు అనుకుంటే 1.44 ఘనపు మీటర్లు, ఘనపు మీటరు 2.7 టన్నుల చొప్పున 3.9 టన్నులు. ఇనప తాడు వద్దు, వెడల్పాటి నైలాన్ బెల్టులు, మధ్యలో రబ్బరు. చిన్న క్రేను చాలు. ఇంత సులువైన పనికి ఇంత గోలా?

కరకట్ట:
నేల మీది భాగమే లెక్కేశారు. లోపల మీటరు దిగి ఉందనుకున్నా ఇంకో టన్ను. పైన నంది వేరే. ఐదు దాటింది. నల్లరేగడిలో పాతిన స్తంభాన్ని తవ్వకుండా పైకి లాగితే ఎక్కడ విరుగుతుందో తెలుసా? సరిగ్గా నేల మట్టం దగ్గర. కింది వరసల శాసనం అక్కడే ఉంటే ఏం చేస్తారో ముందు అది రాయండి.