ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఫొటోలు తెరమీద కనిపించినట్టు రావడం లేదు

ప్రశ్న

నమస్కారం. నా దగ్గర నాలుగు రంగుల ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది. పత్రాలన్నీ చక్కగా వస్తున్నాయి కానీ, కుటుంబ ఫొటోలను గ్లాసీ కాగితం మీద 4×6 అంగుళాల సైజులో తీస్తే తెరమీద చూసినదానికంటే ముదురుగా వస్తున్నాయి. ముఖాల ఛాయ ఆకుపచ్చకు తిరుగుతోంది. జుట్టు, ముదురు దుస్తులు ఉన్నచోట వివరాలు కలిసిపోయి ఒకే మచ్చలా కనిపిస్తున్నాయి. ఆకాశం ఉన్నచోట అడ్డంగా సన్నని తెల్లటి గీతలు కూడా పడుతున్నాయి. సెట్టింగులలో కాగితం రకం ‘ప్లెయిన్ పేపర్’ అని, నాణ్యత ‘స్టాండర్డ్’ అని ఉన్నాయి. ప్రింటర్‌నే మార్చాలా, లేక ఉన్నదానితోనే మంచి ప్రింట్లు తీయవచ్చా?

సమాధానం 1

ప్రింటర్ మార్చవలసిన అవసరం లేదండీ. మీరు చెప్పినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ‘ప్లెయిన్ పేపర్’ అన్న ఎంపిక. కాగితం మీద ఎంత ఇంక్ చల్లాలి, ఏ రంగును ఏ పాళ్లలో కలపాలి అన్న లెక్కంతా ప్రింటర్ ఆ ఒక్క మాటను నమ్మే వేసుకుంటుంది. మామూలు కాగితం ఇంక్‌ను పీల్చుకుని నారల వెంట పాకనిస్తుంది. ఫొటో కాగితం మీది పూత చుక్కను పడినచోటే పట్టి ఉంచుతుంది. ఒకదానికి వేసిన లెక్క రెండోదాని మీద పనిచేయదు కాబట్టి ఛాయ తప్పడం, ముదురు భాగాలు కలిసిపోవడం సహజం.

నలుపు సంగతి విడిగా చెప్పాలి. ఇళ్లలో వాడే నాలుగు రంగుల ప్రింటర్లు చాలావాటిలో నలుపు పిగ్మెంట్ ఇంక్ (సన్నని రంగు రేణువులు ద్రవంలో తేలుతూ ఉండేది), మిగిలిన మూడూ డై ఇంకులు (రంగు ద్రవంలో కరిగిపోయి ఉండేవి). అక్షరాలు స్ఫుటంగా రావడానికి పెట్టిన ఆ పిగ్మెంట్ నలుపు గ్లాసీ పూతలో సరిగా ఇమడక పైనే నిలిచి, వేలితో తాకితే చెదిరిపోతుంది. ఫొటో కాగితం అని ఎంచుకుంటే అలాంటి ప్రింటర్ ఆ నలుపును పక్కనపెట్టి, మూడు రంగులనూ కలిపి నలుపును తయారుచేసుకుంటుంది. ‘ప్లెయిన్’ అని ఉన్నంతకాలం ఆ మార్పు జరగదు.

అందువల్ల మీ కాగితానికి దగ్గరగా ఉన్న పేరును జాబితాలో ఎంచుకుని, నాణ్యతను ‘హై’లో పెట్టండి. కాగితం తయారుచేసినవారు మీ ప్రింటర్ మోడల్‌కు ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటర్‌తో ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ఇస్తే దాన్ని తప్పకుండా వాడండి. పూత ఉన్న వైపే ప్రింట్ అయ్యేలా పెట్టారో లేదో కూడా చూసుకోండి. ఇది సరిచేయకముందే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చను తగ్గించడం మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. అలా సరిదిద్దిన ఫొటో రేపు సరైన కాగితం ఎంపికతో తీసినప్పుడు ఎర్రబారుతుంది.

సమాధానం 2

పై సలహాతో ఏకీభవిస్తాను. అయితే ప్రింట్ ముదురుగా రావడానికి తెర కూడా కారణం కావచ్చు. తెర తానే వెలుగు చిమ్ముతుంది, కాగితం గదిలోని వెలుతురును తిప్పి పంపుతుంది అంతే. తెరలో ఒక తెల్లని పేజీ తెరిచి, పక్కనే మంచి వెలుతురులో తెల్లకాగితం పట్టుకుని, రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించేవరకు బ్రైట్‌నెస్ తగ్గించండి. ప్రింట్ కోసం పనిచేసేవారు తెరను సాధారణంగా చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల (వెలుగు తీవ్రతకు కొలత) మధ్య ఉంచుతారు.

రంగులను సరిచూసే పని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్ (కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామ్) రెండూ చేస్తే దిద్దినదాన్నే మళ్లీ దిద్దినట్టవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫైల్ ఎంచుకుంటే డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపివేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కాగితం రకం మార్చగానే ముఖాల ఛాయ సరిపోయింది, జుట్టులో వివరాలు కనిపిస్తున్నాయి. గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలను ఏ4 సైజులో తీయవచ్చా?

సమాధానం 3

గీతలకు ముందుగా నాజిల్ చెక్ పేజీ (ఇంక్ చల్లే సన్నని రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే నమూనా) తీయండి. అందులో ఎక్కడైనా తెగిన గీత కనిపిస్తే హెడ్ క్లీనింగ్ (ఇంక్ చల్లే భాగాన్ని ప్రింటరే శుభ్రం చేసుకోవడం) చేయాలి. అది ఇంక్‌ను బాగా తాగుతుంది కనుక రెండు మూడుసార్లకు మించి వరుసగా చేయకుండా, కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడటం మేలు. నమూనా నిండుగా వచ్చినా గీతలు పోకపోతే హెడ్ అలైన్‌మెంట్ (చుక్కలు సరైనచోట పడేలా హెడ్‌ను సర్దడం) చేసి, ‘హై స్పీడ్’ లేదా ‘బై డైరెక్షనల్’ అన్న ఎంపికను తీసేయండి. అప్పుడు హెడ్ ఒకే దిశలో వెళుతూ చల్లుతుంది, సమయం పట్టినా చుక్కలు కుదురుగా పడతాయి.

సైజు విషయానికొస్తే, అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే నిశ్చింతగా తీయవచ్చు. 4×6కు 1200×1800, ఏ4కు సుమారు 2480×3508 కావాలి. కుదించుకుపోయి 1200×1600గా అందిన ఫొటో 4×6లో అంగుళానికి దాదాపు 267 పిక్సెళ్లతో బాగానే వస్తుంది. అదే ఏ4లో 137కు పడిపోతుంది, కనురెప్పల వంటి సన్నని వివరాలు మెత్తబడిపోతాయి. పంపినవారిని అదే ఫొటోను ‘డాక్యుమెంట్’గా మళ్లీ పంపమని అడగండి, అలా పంపితే అసలు ఫైలు కుదించుకుపోకుండా వస్తుంది. ఫోన్ ఫొటోలు ఎక్కువగా 4:3 నిష్పత్తిలో ఉంటాయి, 4×6 కాగితం 3:2. ఎవరి తల అంచున తెగిపోకూడదో మీరే చూసుకుని ముందుగా క్రాప్ చేయండి.

తీసిన ప్రింట్లను వెంటనే ఒకదానిమీద ఒకటి పెట్టకండి. ఫ్రేము కట్టించేటట్టయితే ఒక రోజు ఆరనివ్వండి, లేకపోతే అద్దం లోపల ఆవిరి పట్టే అవకాశం ఉంది. డై ఇంక్ వెలుతురుకు, గాలికి వెలిసిపోతుంది కాబట్టి గోడకు పెట్టే ఫొటోను అద్దం వెనుక, ఎండ నేరుగా పడనిచోట ఉంచండి.